చివరి పెట్టె ఇర్మా ఒళ్ళో పడింది

వెర్నా హుడాక్‌కు కోపం వస్తే కెట్‌నర్ రన్ లోయ మొత్తంలో పాలు విరిగిపోతాయని మా ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. అయినా అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళపాటు ఆవిడ మా బడి వంటశాలలో గరిటె తిప్పింది. పదో తరగతి మధ్యలో నేను బడికి దణ్ణం పెట్టి వచ్చేసిన రోజున ఏ మాస్టారూ నన్ను ఆపలేదు. ఆవిడ మాత్రం ఏప్రన్‌తోనే గేటు దాకా పరుగెత్తుకొచ్చింది.

"చదువు మానేస్తే మానెయ్ రా మర్వ్, నీ ఖర్మ. ఆ భోజనం ట్రే మాత్రం ఇటు తే!"

ఇచ్చేశాను. పెన్సిల్వేనియా కొండల్లో ఎలుగుబంటికి ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూసిన మగాణ్ణి నేను. ఆ ఎలుగుబంటే సిగ్గుపడి తల దించుకుంది. అలాంటివాణ్ణి కూడా కిక్కురుమనకుండా ట్రే ఇచ్చేశానంటే, ఆవిడ ఎలాంటి మనిషో మీరే ఊహించుకోండి.

వెర్నా వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఇంటి వెనక క్యాబేజీ తోట ఉండేది, తోట కింద బొరియలు చేసుకుని, పందికొక్కుల్లా పంట కొరికే గ్రౌండ్‌హాగ్‌లు ఉండేవి. నాన్న పనికి పోతూ ఆ పిల్ల చేతిలో పాత రైఫిల్ ఒకటి, తూటా ఒకటి పెట్టేవాడట. ఒక్కటే. తగిలితే మర్నాడు ఇంకొకటి. తగలకపోతే వారం రోజులు తోటకు కాపలా, ఉత్త చేతులతో. అలా నేర్చుకున్న మనిషి తూటాను ఎలా చూస్తుందో తెలుసా? పెట్టెలోంచి తీసేటప్పుడు గుడ్డు తీసినట్టు తీస్తుంది. భర్త ఆండీ గని దుమ్ముకు ఊపిరితిత్తులు అప్పజెప్పి ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఇక ఆవిడకు మిగిలినవి రెండే: గురువారం సాయంత్రం, కోపం.

గురువారం సాయంత్రం అంటే మా ఫైర్ హాలు కింది అంతస్తులో రైఫిల్ లీగు. పైన అగ్నిమాపక బండ్లు, వంటగది. కింద పొడుగాటి నేలమాళిగ. ఐదు బల్లలు, బల్లకు ఎదురుగా అవతలి గోడ దగ్గర వేలాడే కాగితం టార్గెట్లు. ఈ లోయలో ఉన్న ఊళ్ళన్నీ చలికాలమంతా ఒకరి హాలుకు ఒకరు పోయి పోటీపడతాయి. జట్టుకు ఐదుగురు. రైఫిల్ కావాలంటే ఎరువు తెచ్చుకోవచ్చు గానీ, తూటాలు మాత్రం ఎవరి పెట్టెలోవి వారే కాల్చాలి. ఈ నియమం ఎందుకు పెట్టారని అడిగితే తలా ఒకటి చెబుతారు. నేను చెప్పేది అందరికీ నచ్చుతుంది. పూర్వం ఒకాయన అవతలి జట్టువాడికి తూటా బదులిచ్చాడట, వాడు దాంతోనే గెలిచి ట్రోఫీ పట్టుకుపోయాడట, ఇచ్చినాయన పెళ్ళాం ఆ ట్రోఫీ వెనకాలే వెళ్ళిపోయిందట.

ఇంకొక ఆచారం కూడా ఉంది. మెట్ల పక్క గోడకు వరసగా మేకులుంటాయి. కాల్చేటప్పుడు చప్పుడుకు అడ్డంగా పెట్టుకునే చెవి డొప్పలు, సభ్యుడైన ప్రతివాడివీ వాడి మేకుకే వేలాడాలి. మనిషిని పాతిపెట్టేదాకా ఆ మేకు ఇంకొకరికి ఇవ్వరు. రోగమొచ్చినా, ఊరు మారినా, జైలుకు పోయినా సరే. మేకు ఉందంటే జట్టులో చోటు ఉన్నట్టే.

2013 చలికాలంలో తూటాలు మాయమయ్యాయి. దొంగలు పడ్డ ఇంట్లో గిన్నెలు మాయమైనట్టు మాయమయ్యాయి. తుపాకుల మీద కొత్త చట్టం వస్తోందని టీవీలో ఎవడో అన్నాడు. విన్నవాడు రెండు పెట్టెలు ఎక్కువ కొన్నాడు. వాణ్ణి చూసినవాడు ఇరవై కొన్నాడు. ఆ ఇరవై చూసి గుండె జారినవాడు పెళ్ళాం కారు అమ్మి మరీ బీరువా నింపుకున్నాడు. చట్టం రాలేదు, తూటాలూ రాలేదు. కంపెనీ వాళ్ళను అడిగితే రాత్రింబవళ్ళు తయారు చేస్తూనే ఉన్నామంటారు. చేస్తూనే ఉంటే ఏవయ్యా? చంద్రుడి మీదికి పంపుతున్నారా? యాభై తూటాల పెట్టె అంతకుముందు రెండున్నర డాలర్లు. క్రిస్మస్ నాటికి ఐదయింది. ఫిబ్రవరికి తొమ్మిదయింది, అదీ కంటికి కనబడితే.

పెద్ద రైఫిళ్ళ వాళ్ళకు ఇంత బాధ లేదు. పేలిన ఇత్తడి తొడుగులు ఏరుకుని, ఇంట్లో బల్ల మీద కూర్చుని మళ్ళీ మందు కూరుకుంటారు. మా చిన్న తూటాకు ఆ యోగం లేదు. ఒకసారి పేలిందంటే తొడుగు చెత్తబుట్టకే. పిల్లలు, ముసలివాళ్ళు, పింఛను మీద బతికేవాళ్ళు కాల్చుకునే తూటా అది. ఊరందరి కళ్ళూ వచ్చి సరిగ్గా దాని మీదే పడ్డాయి. తుపాకీ పట్టుకోవడం చేతకానివాడు కూడా దాన్ని బంగారంలా దాచుకున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవుల్లోంచి పొగ వస్తుంది.

అలాంటి చేతకానివాళ్ళకు రాజు రస్ గ్రెబ్. జన్మలో ఒక టార్గెట్ మీద ఒక చిల్లు పెట్టినవాడు కాదు. మా ఊళ్ళో తూటాలు అమ్మే షాపు ఒక్కటే, క్లెమ్ డబిన్‌స్కీది. చేపలకు ఎర నుంచి మంచు పారలదాకా అన్నీ అమ్ముతాడు. క్లెమ్ మా జట్టులోనే కాలుస్తాడు కూడా. గురువారం పొద్దున లారీ వస్తుంది. రస్ తెల్లవారకముందే వచ్చి నిలబడి, వచ్చిన పెట్టెలన్నీ ఎత్తుకుపోయి, ఆదివారం సంతలో పికప్ బండి వెనక తలుపు దించి ముప్పై డాలర్లకు అమ్మేవాడు.

రెండు వారాలు చూసి వెర్నా క్లెమ్ కౌంటర్ మీద చెయ్యి చరిచింది.

"మనిషికి ఒక్క పెట్టె. అంతే. వచ్చినవాడి చేతిలో నువ్వే పెట్టు. చేతిలో పడ్డాక అది వాడిది. ముందుగా దాచిపెట్టడాల్లేవు, నాక్కూడా."

"మన జట్టుకైనా రెండు పక్కన పెడతాను వెర్నా..."

"పెట్టావంటే నీకూ రస్‌కూ తేడా ఏంటి? మీసమా?"

క్లెమ్ ఆ నియమం పెట్టాడు. ఆ మరుసటి వారం రస్ ఇద్దరు తమ్ముళ్ళనూ, అక్క మొగుడైన బావనూ తీసుకొచ్చాడు. ఆ పై వారం తమ్ముళ్ళ పెళ్ళాలు కూడా వచ్చారు. మనిషికొక పెట్టె చొప్పున అందరూ తీసుకుని, బయటికి రాగానే అన్నీ రస్ బండిలో పడేశారు. తను పెట్టించిన నియమాన్నే వాడు నిచ్చెన చేసుకుని ఎక్కేశాడని వెర్నా కళ్ళు నిప్పులు కక్కాయి.

ఈలోగా ఫైర్ హాలు కమిటీ పెద్ద డేల్ ఫ్రిక్ ఇంకో పిడుగు వేశాడు. నేలమాళిగకు హీటర్ ఖర్చు దండగట. ఒక కంపెనీవాడు దాన్ని గోడౌన్‌గా అద్దెకు అడుగుతున్నాడట.

"నేను చెడ్డవాణ్ణి కాదు వెర్నా," అన్నాడు డేల్. "ఈస్టర్ దాకా ప్రతి గురువారం ఐదు బల్లల దగ్గరా ఐదుగురు కూర్చుంటే లీగు ఉంటుంది. ఏ ఒక్క గురువారమైనా ఒక బల్ల ఖాళీగా కనబడిందో, మర్నాడే తాళం."

"ఆ హీటరు ఆండీ బిగించాడు డేల్. నువ్వు అప్పుడు స్పానర్ పట్టుకోవడం రాక దాన్ని తల దువ్వుకోవడానికి వాడేవాడివి."

డేల్ నవ్వి ఊరుకున్నాడు. నవ్వినవాడు మాట మార్చుకోడని అందరికీ తెలుసు.

మేము ఐదుగురం: వెర్నా, నేను, క్లెమ్, మంచు తోసే బండి నడిపే స్టష్ వోయ్టెక్, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన లెనర్డ్. మార్చి రెండో గురువారం నాటికి మాలో నలుగురికి పెట్టెలో అడుగున కొన్ని మిగిలాయి. లెనర్డ్ పెట్టె ఖాళీ. అతను వెతకని చోటు లేదు. పక్క జిల్లాకు పోయాడు, చుట్టాలను అడిగాడు, పడక కింద పాకాడు. ఆ సాయంత్రం పోటీ హాన్లిన్ జట్టుతో. ఆ పొద్దున్న వచ్చే లారీలో ఒక్క పెట్టె లెనర్డ్ చేతిలో పడితేనే ఐదో బల్ల నిండుతుంది. లేకపోతే వెర్నా గురువారాలు అయిపోయినట్టే.

ఆ పొద్దున చలి గురించి నేను చెబితే నమ్మరు. మంచు తోసుకుంటూ క్లెమ్ షాపు ముందుకొచ్చిన స్టష్ తుమ్మితే ఆ తుమ్ము కింద పడి ముక్కలైంది, ఇద్దరు జారిపడ్డారు. నేనూ, వెర్నా, లెనర్డ్ చీకటి విడవకముందే వెళ్ళాం. అప్పటికే వరస ఉంది. వరస మొత్తం గ్రెబ్ వంశమే. తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, బావ, బావ చేయించుకున్న కట్టుడు పళ్ళు, అన్నీ వచ్చాయి. రస్ అందరికంటే ముందు మడత కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు.

"గుడ్ మార్నింగ్ వెర్నా," అన్నాడు. "ఇంత పొద్దున్నే లేచావేంటి? ఈ వయసులో నిద్ర బాగా పోవాలి."

"నీ వయసులో పనికి పోవాలి," అంది వెర్నా.

రస్ వెనక ఒక చక్రాల కుర్చీ ఉంది. దాన్ని రస్ భార్య జోలీన్ పట్టుకుని నిలబడింది, కళ్ళు నేలకేసి. కుర్చీలో దుప్పట్ల మూట, మూట మీద ఉన్ని టోపీ. ముందు బంగాళాదుంపల బస్తా అనుకున్నాను. ఆ బస్తా ముక్కు చీదింది.

వెర్నా దగ్గరికి వెళ్ళి టోపీ పైకెత్తి చూసింది.

"ఇర్మా?"

ఇర్మా కోసిక్. జోలీన్ వాళ్ళమ్మ. ఎనభై దాటిన మనిషి. తుంటి విరిగాక రస్ ఆవిణ్ణి కొండ మీది వృద్ధుల ఆశ్రమంలో చేర్పించాడు. అంతకుముందు ఇరవై ఏళ్ళు వెర్నా పక్క బల్ల మీదే కూర్చుని కాల్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఒక్కరోజు మెచ్చుకోలేదు. ఒకావిడ మంచి గురి కొడితే రెండో ఆవిడ దగ్గేది.

"ఈ చలిలో ముసలిదాన్ని ఎందుకు తెచ్చావురా?" అంది వెర్నా. గొంతు పెరగలేదు. పెరగనప్పుడే మాకు భయం.

"మనిషికొక పెట్టె అన్నావుగా," అన్నాడు రస్. "ఆవిడ మనిషి కాదా? నీ నియమమే."

"ఆశ్రమంలోంచి ఎత్తుకొచ్చావా, ఒక పెట్టె కోసం?"

"చల్లగాలికి తిప్పుతున్నాను. ఆవిడకేం తెలీదులే, రెండేళ్ళుగా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. బుర్ర పోయింది."

జోలీన్ దుప్పటి సర్దింది. ఇర్మా దుప్పట్లోంచి వెర్నాను ఎగాదిగా చూసింది, అంతే.

లారీ వచ్చింది. క్లెమ్ షట్టర్ ఎత్తాడు. వచ్చిన పెట్టెలు ఆ వారం మరీ తక్కువ. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చేతిలో పెట్టడం క్లెమ్‌కు అలవాటు. రస్ తీసుకున్నాడు. ఇర్మా వంతు వచ్చేసరికి రస్ వంగి, "అది పట్టుకోలేదు, నాకివ్వు," అన్నాడు. జోలీన్ మొదటిసారి నోరు తెరిచి, "ఉండనీ, వెనకవాళ్ళను పోనీ, అమ్మకు దుప్పటి సర్దుతున్నా," అంది. తమ్ముళ్ళు ముందుకు వచ్చి తీసుకున్నారు, వాళ్ళ పెళ్ళాలు తీసుకున్నారు, బావ తీసుకున్నాడు. క్లెమ్ చేతిలో ఒక్క పెట్టె మిగిలింది.

వెనక లెనర్డ్ చెయ్యి చాచే ఉంచాడు.

"ఇర్మా కోసిక్," అని పిలిచాడు క్లెమ్, తల వంచుకుని. నియమం అంటే నియమం. కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి చివరి పెట్టె ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

లెనర్డ్ పర్సు తీశాడు. "రస్, ఒక్కటి అమ్ము. సాయంత్రం లీగు ఉంది."

"సంత రేటు ముప్పై. నీకు కాబట్టి నలభై," అన్నాడు రస్, పళ్ళన్నీ బయటపెట్టి. "అవసరం ఎక్కువున్నవాడికి ధర ఎక్కువ. వ్యాపారం."

వెర్నా లెనర్డ్ చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. పర్సు మంచులో పడింది.

"ఇవాళ నలభై ఇస్తే వచ్చే వారం అరవై అంటాడు! తాళం పడితే పడనీ. ఈ వెధవకు పైసా ఇచ్చి కాల్చేకంటే ఆ బల్ల మీద కూర్చుని నోటితో డాం డాం అంటాను!" అక్కడినుంచి ఇక ఆపలేదు. "నీ ఇంట్లో ఎన్నున్నాయిరా? వెయ్యా? లక్షా? ఒక్కటి కాల్చావా జన్మలో? మా నాన్న ఒక్క తూటాతో కుటుంబానికి కూర కాపాడాడు. నువ్వు లక్ష పెట్టుకుని ముసలిదాని ఒళ్ళోంచి ఒక పెట్టె లాక్కోవడానికి వచ్చావు!"

రోడ్డు అవతల కుక్కలు కూడా అరవడం మానేశాయి. రస్ మొహం ఎర్రబడింది. వంగి ఇర్మా ఒళ్ళోని పెట్టె అందుకోబోయాడు.

ఇర్మా ఆ చేతి మీద గట్టిగా కొట్టింది. చప్పుడు షాపంతా వినబడింది.

"అత్తా, వదులు," అన్నాడు రస్.

"ఎవడిది?" అంది ఇర్మా. రెండేళ్ళ తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అది. గొంతు తుప్పు పట్టిన గేటులా ఉంది. "ఎవడి పెట్టెరా ఇది?"

"నాది. నేను డబ్బు కట్టాను."

"ఏ పర్సులోంచి?"

జోలీన్ తలెత్తింది. "అమ్మ పర్సులోంచి," అంది. "నీ పింఛను కార్డు ఆయన దగ్గరే ఉంటోందమ్మా. నీ రైఫిల్ కూడా ఆయనే అమ్మేశాడు సంతలో. చెప్పలేదు నీకు."

ఇంతసేపూ వంగి ఉన్న క్లెమ్ వీపు అప్పుడు నిటారుగా అయింది.

"రస్, ఈ షాపులో నేను ఎవరి చేతిలో పెడితే వాళ్ళది. పెట్టె మీద ఇంకోసారి చెయ్యి వేశావంటే వచ్చే గురువారం నీకు ఎర పురుగులు కూడా అమ్మను."

"పిచ్చిదాని చేతిలో తూటాలు పెట్టి ఏం చేస్తారు?"

"పిచ్చి నాకు కాదు," అంది ఇర్మా. "రెండేళ్ళుగా మాట్లాడదగ్గ మనిషి ఎదురుపడలేదు, ఊరుకున్నాను. ఇవాళ ఏ వారం?"

"గురువారం," అన్నాను నేను.

"మరి ఇక్కడ నిలబెట్టారేం?"

లెనర్డ్ ఆశగా ముందుకొచ్చాడు. "ఇర్మా, ఆ పెట్టె నాకిస్తే..."

"జన్మలో ఒక్కడికి ఇవ్వలేదు నా పెట్టె. ఇప్పుడు నీకిస్తానా, గడ్డపు పోస్టుమాన్‌వి? వెర్నా, నా మేకు ఉందా?"

వెర్నా ఆవిణ్ణి చూసింది. కోపం అలాగే ఉంది ముఖంలో, కానీ ఇంకేదో కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది.

"ఎందుకుండదు? నువ్వు చావలేదుగా."

ఆ మేకుకు ఇర్మా పాత చెవి డొప్పలు రెండేళ్ళుగా వేలాడుతూనే ఉన్నాయి. బూజు పట్టి, ఒక డొప్పలో సాలీడు కాపురం పెట్టింది కూడా. రస్ గ్రెబ్ ఈ ఊళ్ళో పుట్టి పెరిగి కూడా ఒక్క గురువారం ఆ మెట్లు దిగలేదు. దిగి ఉంటే ఆ మేకు చూసేవాడు, చూసి ఉంటే ఈ ముసలావిణ్ణి వరసలోకి తెచ్చేవాడు కాదు.

"రాత్రి తొమ్మిదింటికి ఆశ్రమానికి దింపండి," అంది జోలీన్, కుర్చీ పిడులు వెర్నా చేతుల్లో పెడుతూ. రస్ ఏదో అనబోతే, "నువ్వు బండి ఎక్కు. మాట్లాడావంటే నడిచొస్తావు," అంది. ఆ రోజు జోలీన్ ముఖంలో ఇర్మా కనబడింది నాకు. వాడికి కూడా కనబడి ఉంటుంది, గబగబా ఎక్కాడు.

పగలంతా ఇర్మా ఫైర్ హాలు పై వంటగదిలోనే ఉంది. మర్నాడు శుక్రవారం. ఈస్టర్‌కు ముందు తపస్సు కాలంలో మాంసం తినని శుక్రవారాల్లో మా హాలు పియెరోగీలు చేసి అమ్ముతుంది. పిండి బిళ్ళలో బంగాళాదుంప, జున్ను పెట్టి, అంచులు నొక్కి ఉడికించే వంట. ఊరి ఆడవాళ్ళంతా గురువారం పగలు కూర్చుని అంచులు నొక్కుతారు.

"ఈ జున్నేంటి? రబ్బరా?" అంది ఇర్మా, మొదటి ముద్ద పట్టుకోగానే.

"ముప్పై ఏళ్ళుగా పిల్లలు తిన్నారు, ఒక్కడు చావలేదు," అంది వెర్నా.

"బడి మానేశారు. ఇదిగో, వీడొకడు," అని నావైపు చూపించింది.

ఆ విధంగా ఇద్దరూ సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. మధ్యలో వెర్నా ఇంటికి పోయి ఆండీ రైఫిల్ తుడిచి తెచ్చింది. ఆండీ పోయాక అది ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇర్మా బల్ల మీద పెట్టి, "ఇది గీరితే నిన్ను గీరుతాను," అని మాత్రం అంది.

సాయంత్రం హాన్లిన్ జట్టు వచ్చింది. డేల్ ఫ్రిక్ కూడా వచ్చాడు, చేతిలో కొలత టేపు. గోడౌన్‌కు ఎన్ని అడుగులో కొలవడానికి ముందే వచ్చాడన్నమాట. మెట్లు దిగి బల్లలు లెక్కపెట్టాడు. నేను, క్లెమ్, స్టష్, వెర్నా. ఐదో బల్ల దగ్గర చక్రాల కుర్చీలో, బూజు దులిపిన చెవి డొప్పలు పెట్టుకుని ఇర్మా.

"ఆవిడ సభ్యురాలేనా?" అన్నాడు డేల్.

"మేకు చూసుకో," అంది వెర్నా.

"తూటాలు ఎవరివి?"

ఇర్మా పెట్టె ఎత్తి చూపించింది, దానిమీద క్లెమ్ షాపు ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. "నావి. నా డబ్బుతో. నీ టేపు నీ నడుముకు చుట్టుకుని చూసుకో, నువ్వు కూడా కొంచెం గోడౌన్ అయ్యావు."

హాన్లిన్ వాళ్ళు కూడా నవ్వారు. డేల్ టేపు జేబులో పెట్టుకున్నాడు.

కాల్చడం మొదలైంది. ఒక్కొక్కరికి ఒక టార్గెట్, టార్గెట్‌కు పది తూటాలు. నేను ఆ రోజు ఎలా కాల్చానంటే, తొమ్మిదో తూటా ఎనిమిదో తూటా చేసిన చిల్లులోంచి పోయింది, పదోది వాటిని చూడడానికి వెళ్ళింది. వెర్నా ఎప్పటిలాగే, గుడ్డు తీసినట్టు ఒక్కొక్కటీ తీసి, ఊపిరి వదిలి, నెమ్మదిగా. పక్కన ఇర్మా మాత్రం దడదడమని పది తూటాలూ కాల్చేసి వెనక్కి వాలింది.

"అయిపోయింది," అంది. "కాఫీ ఏదీ?"

తీగ లాగి టార్గెట్లు దగ్గరికి తెచ్చాం. ఇర్మా టార్గెట్ తెల్లగా, కడిగిన కంచంలా ఉంది. ఒక్క చిల్లు లేదు. వెర్నా టార్గెట్ చూస్తే చిల్లుల గరిటెలా ఉంది. మధ్యలో ముద్దగా పది చక్కటి చిల్లులు, చుట్టూ చెల్లాచెదురుగా ఇంకో పది.

మా ఆటలో ఇంతకంటే తిట్టు లేదు: పక్కవాడి టార్గెట్ కాల్చడం. ఒక టార్గెట్ మీద లెక్కకు మించి చిల్లులుంటే తక్కువ విలువవే లెక్కలోకి తీసుకుంటారు. వెర్నా అందంగా కొట్టిన పదీ పోయాయి. ఇర్మా చెల్లాచెదురు చేసిన పదీ వెర్నా ఖాతాలో పడ్డాయి. ఇర్మాకు సున్నా. జన్మలో వెర్నా అంత హీనమైన స్కోరు చేయలేదు. హాన్లిన్ వాళ్ళు మమ్మల్ని ఎంత తేడాతో ఓడించారో చెప్పను, నాకు కూడా కొంచెం సిగ్గుంది.

వెర్నా లేచి నిలబడింది. రైఫిల్ లోపల తూటా మిగల్లేదని చూసి, బల్ల మీద పెట్టి, అప్పుడు అరిచింది.

"నా టార్గెట్ కాల్చావే! పదీ! పదికి పదీ నా టార్గెట్ మీదే కాల్చావు! నలభై ఏళ్ళలో నా పేరు పక్కన ఇలాంటి అంకె పడలేదు! కళ్ళు ఆశ్రమంలో మరిచిపోయి వచ్చావా? ఒక్కొక్క తూటా ఎంత పెట్టి కొంటున్నామో తెలుసా నీకు? వాటికోసం మనుషులు మంచులో గడ్డకట్టి చస్తున్నారు!"

ఇర్మా డొప్పలు తీసింది. "ఏంటి?"

"నా టార్గెట్ కాల్చావు అంటున్నా!"

"నేను చూసేచోట ఎందుకు పెట్టావు?"

డేల్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పై మెట్టు మీద ఆగి, "ఐదుగురు," అని గొణుక్కుని, పోతూ హీటర్ కొంచెం పెంచాడు. అది మంచితనమో భయమో నాకు ఇప్పటికీ తెలియదు. వెర్నా వాణ్ణి చూడనే లేదు. ఇంకా అరుస్తూనే ఉంది. అరుస్తూనే ఇర్మా మోకాళ్ళ మీద దుప్పటి సర్దింది, అరుస్తూనే పెట్టెలో మిగిలిన తూటాలు లెక్కపెట్టి ఆవిడ కోటు జేబులో పెట్టి బొత్తాం పెట్టింది.

"వచ్చే గురువారానికి ఇవి సరిపోవు," అంది ఇర్మా. "పొద్దున్నే తీసుకెళ్ళు లైన్లోకి. ఆ జున్ను కూడా మార్చు."

మరుసటి గురువారం క్లెమ్ షాపు ముందు అందరికంటే ముందు చక్రాల కుర్చీ ఉంది. దాని వెనక వెర్నా, వెర్నా వెనక లెనర్డ్, లెనర్డ్ వెనక నేను. జోలీన్ రాలేదు, తమ్ముళ్ళ పెళ్ళాలూ రాలేదు. రస్ ఒక్కడే చివర మడత కుర్చీ లేకుండా నిలబడ్డాడు. లారీ వచ్చింది. క్లెమ్ షట్టర్ ఎత్తి, కళ్ళెత్తకుండా కొత్త ధర చీటీ అతికించాడు: పదకొండు డాలర్లు.

వెర్నా ఆ చీటీ చదివింది. ఇంకోసారి చదివింది.

"క్లెమ్," అంది, గొంతు పెంచకుండా.

వరసలో అందరం ఒకడుగు వెనక్కి వేశాం. ఇర్మా ఒక్కతే కదల్లేదు, చక్రాలకు బ్రేకు వేసి ఉంది.